కంపెనీ పోయింది సరే, పానా ఎవరి చేతిలో ఉంది?

పాత ఫోర్డ్ ఎండీవర్ ఒకటి కొందామనుకుంటున్నా అని ఆఫీసులో అంటే చాలు, పదిమందిలో తొమ్మిదిమంది ఒకటే పాట. "కంపెనీయే దేశం వదిలి పోయింది కదా బాసూ, పార్టులు ఎవడిస్తాడు?" పదోవాడు మైలేజీ అడుగుతాడు. నిజానికి ఆ పదోవాడే నయం, వాడికి కనీసం లెక్క కావాలి. మిగతా తొమ్మిదిమందికీ కావలసింది లోగో. షోరూము తలుపులు తెరిచి ఉంటే బండి మంచిది, మూసేస్తే చెడ్డది. ఇంతే వాళ్ళ ఇంజనీరింగు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. పాత బండి బతుకు దాన్ని తయారుచేసిన కంపెనీ ఉందా పోయిందా అన్నదాని మీద ఆధారపడదు. దాని గుట్టు ఎంతమందికి తెలుసు, దాని పార్టులు ఎన్ని చోట్ల దొరుకుతాయి అన్నదాని మీద ఆధారపడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఈ ముక్క నేను చెప్పాల్సి రావడమే విడ్డూరం.

ముందు నా సంగతి. ఉండేది ఎల్‌బీ నగర్. ఆఫీసుకి మెట్రో. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట - ఎల్‌బీ నగర్ లైను తెరిచిన దగ్గర్నించీ హైటెక్ సిటీకి కారేసుకుని వెళ్ళడం నా దృష్టిలో డబ్బున్న పిచ్చి. కాబట్టి ఈ పెద్ద బండి రోజూ ట్రాఫిక్‌లో నిలబడి ఆవులించడానికి కాదు. మా ఏరియాలో సగం మందికి ఊరు విజయవాడ హైవే మీదో, సాగర్ రోడ్డు మీదో ఉంటుంది. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర క్యూలో ఉండేది మేమే. అమ్మానాన్నల్నీ, పిల్లల్నీ, రెండు బియ్యం బస్తాల్నీ ఎక్కించుకుని, హైవే దిగాక పొలం బాటలో కూడా అడుగు తగలకుండా పోయే బండి కావాలి. కొత్తది కొనాలంటే నలభై లక్షలు దాటుతుంది. లేఆఫ్ మెయిలు ఏ సోమవారం వస్తుందో తెలియని ఉద్యోగాన్ని నమ్ముకుని ఏడేళ్ళ ఈఎంఐ నెత్తిన పెట్టుకునే ధైర్యం నాకు లేదు. 2016, 2017 నాటి ఎండీవర్ పన్నెండు నించి పదహారు లక్షల మధ్య చెబుతున్నారు. అదీ కథ.

ఇప్పుడు ఆ తొమ్మిదిమంది దగ్గరికొద్దాం. ఫోర్డ్ 2021 సెప్టెంబర్ 9న ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామంది. పదేళ్ళలో రెండు బిలియన్ డాలర్ల పైన నష్టమంది. సణంద్ ఫ్యాక్టరీ 2023 జనవరిలో టాటా చేతికి పోయింది. అంతకుముందే, 2017లో, జనరల్ మోటార్స్ షెవ్రొలేల అమ్మకం ఆపేసింది. 2024లో ఫోర్డ్ చెన్నై ఫ్యాక్టరీని మళ్ళీ వాడుకుంటామంది కానీ అది ఎగుమతుల కోసం, మనకి బండ్లు అమ్మడానికి కాదు. ఇవన్నీ నిజాలే. కానీ వీటినించి "కాబట్టి పాత అమెరికన్ బండి కొనకూడదు" అనే తీర్మానానికి ఎలా దూకుతారో నాకు అంతుబట్టదు.

అసలు ఈ దేశంలో మొట్టమొదటి పాత అమెరికన్ ఎస్‌యూవీ ఏది? జీపు. విల్లీస్ కంపెనీ జీపుల్ని మహీంద్రావాళ్ళు 1947లో ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. ఆ విల్లీస్ ఏమైంది? 1953లో కైజర్ చేతిలో పడింది. 1970లో అమెరికన్ మోటార్స్, 1987లో క్రైస్లర్, ఆ తరవాత డైమ్లర్, ఫియట్, 2021 నించి స్టెల్లాంటిస్. ఇన్ని చేతులు మారినా మన ఊళ్ళలో జీపు ఆగిందా? పోలీసులు తోలారు, ఎన్నికల మైకులు కట్టారు, జనం లెక్కాపత్రం లేకుండా ఎక్కారు. ఎందుకాగలేదంటే దాని ఇంజను ఎలా విప్పాలో ప్రతి మండల కేంద్రంలోనూ ఇద్దరికి తెలుసు. పార్టు దొరక్కపోతే లేత్ మీద చేసేవాడు పక్క షెడ్డులో ఉన్నాడు. కంపెనీ ఎన్నిసార్లు పోయినా బండి బతికింది.

ఇంకో తమాషా చూడండి. మనం "అమెరికన్ బండి" అని మురిసిపోయే ఎండీవర్‌ని అమెరికాలో అమ్మనే లేదు. ఇక్కడ 2016 జనవరిలో వచ్చిన రెండో తరం ఎండీవర్ వేరే దేశాల్లో ఎవరెస్ట్ పేరుతో తిరుగుతుంది. రేంజర్ అనే పికప్ ట్రక్కు పునాది మీద ఆస్ట్రేలియాలో దాన్ని రూపొందించారు. డాలస్ నించి సెలవులకొచ్చిన మావాడొకడు మా బస్తీలో ఎండీవర్‌ని చూసి "ఇదేం బండిరా, మా దగ్గర చూళ్ళేదే" అన్నాడు. షెవ్రొలే టవేరా మూలాలు జపాన్ ఇసుజువి, కాప్టివా కొరియాది. జీప్ కంపాస్ పుణె దగ్గర రంజన్‌గావ్‌లో తయారవుతుంది, దాని డీజిల్ ఇంజను ఇటలీ ఫియట్‌ది. అమెరికా అన్నది ముందు గ్రిల్లు మీద బిళ్ళ మాత్రమే.

కాబట్టి బిళ్ళని పక్కన పెట్టి లోపల చూడాలి. ఎండీవర్ 2.2, 3.2 డీజిల్ ఇంజన్లు రేంజర్‌లో కూడా ఉన్నాయి. థాయిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో అవి కుప్పలు తెప్పలుగా తిరుగుతున్నాయి. టైమింగుకి చైనే, బెల్టు గొడవ లేదు. గుట్టు తెలిసినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. కంపాస్ డీజిల్ కుటుంబానికి చెందిన ఇంజనే టాటా హారియర్‌లోనూ, ఎంజీ హెక్టర్‌లోనూ ఉంది. రేపు జీపువాళ్ళు మూట సర్దుకున్నా ఆ ఇంజను తెలిసిన మెకానిక్కు ఉంటాడు.

అలాగని ఫోర్డ్ బిళ్ళ ఉన్నవన్నీ మంచివని కాదు. అదే కంపెనీ ఎకోస్పోర్ట్‌లో మొదట్లో వచ్చిన పెట్రోల్ ఆటోమేటిక్‌ని నేను ఊరికే ఇచ్చినా తీసుకోను. దాన్లో ఉన్నది పవర్‌షిఫ్ట్ అనే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు. ఫోకస్, ఫియెస్టా, ఎకోస్పోర్ట్ బండ్లలో దీని మీద వచ్చిన ఫిర్యాదుల్ని కంపెనీ పట్టించుకున్న తీరుకి ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2018లో కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. ఒక లీటరు ఎకోబూస్ట్ ఇంజను ఉన్నదైతే టైమింగ్ బెల్టు ఇంజనాయిల్లోనే మునిగి తిరుగుతుంది, దాని గడువు పదేళ్ళు లేదా 2,40,000 కిలోమీటర్లు. 2013లో వచ్చిన బండికి ఆ పదేళ్ళు ఎప్పుడో నిండాయి. బెల్టు మార్చారా అంటే అమ్మేవాడు "ఇంజన్ సూపర్ ఉంది సార్" అంటాడు. అది జవాబు కాదు. ఇక టవేరా సంగతి 2013లోనే బయటపడింది. ఉద్గారాల పరీక్షల్లో తమ ఉద్యోగులే మతలబు చేశారని ఒప్పుకుని జనరల్ మోటార్స్ 1,14,000 బండ్లని వెనక్కి పిలిచింది. చూశారా, కంపెనీ నిక్షేపంగా దేశంలో ఉన్నప్పుడే ఇదంతా జరిగింది. షోరూము తెరిచి ఉండడం ఏ రోగానికీ మందు కాదు.

మా ఏరియా మార్కెట్ గురించి కూడా చెప్పాలి. చింతలకుంట నించి హయత్‌నగర్ దాకా, ఇటు సాగర్ రోడ్డు మీద, వారాంతాలు నాలుగు తిరిగా. ప్రతి బండీ "డాక్టర్ గారి బండి"యే. హైదరాబాదులో ఇంతమంది డాక్టర్లు కార్లు అమ్ముకుంటుంటే పేషెంట్లని ఎవరు చూస్తున్నారో మరి. ప్రతి బండీ "సింగిల్ ఓనర్, సింగిల్ హ్యాండ్". ఏడేళ్ళ డీజిల్ బండి నలభై రెండు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగిందట. స్టీరింగు తోలు చూస్తే నున్నగా అద్దంలా ఉంది, బ్రేకు పెడలు రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తోంది. మీటరు అబద్ధమాడొచ్చు, రబ్బరు ఆడదు.

ఇంకోటి, నీళ్ళు. 2020 అక్టోబర్ 13 రాత్రి వానని ఇటువైపు వాళ్ళెవరూ మర్చిపోరు. సరూర్‌నగర్ చెరువు కింది కాలనీల్లో కార్లు పడవల్లా తేలాయి. ఆ కార్లన్నీ ఏమయ్యాయి? అన్నీ తుక్కుకి పోలేదు. కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్మేసినవి ఇంకా తిరుగుతూనే ఉంటాయి. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, బురద గీత ఉంటే అక్కడ దొరికిపోతుంది. సీటు కింది పట్టాలకి తుప్పు, స్టెప్నీ గుంటలో ఇసుక, హెడ్‌లైట్ లోపల చెమ్మ చూడండి. కాయితాల్లో 2020 చివర ఇన్సూరెన్స్ క్లెయిం ఏమైనా ఉందా అడగండి.

మూడోది ఢిల్లీ సరుకు. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు వాటిని నిలబెట్టింది. దాంతో అక్కడివాళ్ళు ఎన్ఓసీలు తీసుకుని బయటి రాష్ట్రాలకి తక్కువకి అమ్ముకున్నారు. 2025లో సుప్రీంకోర్టు కొంత సడలించింది కానీ అప్పటికే బోలెడు బండ్లు దిగిపోయాయి. ధర చూసి నోరూరుతుంది. ఇక్కడికొచ్చాక లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టాలి అన్న సంగతి అడ్వాన్సు తీసుకున్నాక చెబుతారు. అమ్మకందారుకి రవాణా శాఖ ఇచ్చిన అనుమతి పత్రం ఉండాలని 2023 ఏప్రిల్ 1 నించి కేంద్రం నిబంధన. ఓనరు బండిని డీలరుకి అప్పగించినట్టు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, డీలరు ట్రిప్పుల రిజిస్టరు కూడా పెట్టాలి. ఆ పత్రం చూపించమని నేనడిగిన చోట్ల ఒక్కచోట మాత్రమే గోడకి తగిలించి ఉంది. మిగతావాళ్ళు నన్ను ఇన్‌కంటాక్స్ వాడిననుకున్నారు.

అసలు గొడవ అయింది మాత్రం ఒక స్కానరు దగ్గర. స్టీరింగు కింద ఓబీడీ అనే సాకెట్టు ఉంటుంది. దానికి చిన్న బ్లూటూత్ బిళ్ళ పెట్టి, లాప్‌టాప్‌లో ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఫోర్డ్ బండి పుట్టుపూర్వోత్తరాలు చాలావరకు చెప్పేస్తుంది. పాత ఎర్రర్ కోడ్లు, ఒక్కో ఇంజెక్టర్ తీరు, కొన్ని మాడ్యూళ్ళలో దాగిన కిలోమీటర్ల లెక్క. ఇది ఫోర్డ్ చేసింది కాదు, బయటి ప్రోగ్రామర్లు చేసింది. నేను బిళ్ళ తీయగానే ఒక డీలరు చెయ్యి అడ్డం పెట్టాడు. "సార్, గది పెడితే కంప్యూటర్ ఖరాబైతది" అన్నాడు. కోడ్లు చదవడానికి స్కానరు పెడితే కంప్యూటర్ ఖరాబు కాదు, అబద్ధం ఖరాబవుతుంది. దండం పెట్టి వచ్చేశా.

ఇక్కడే ఆగి ఆలోచించండి. ఆ సాకెట్టు కంపెనీలు మన మీద ప్రేమతో పెట్టాయా? అమెరికాలో 1990 నాటి గాలి కాలుష్య చట్టం సవరణల పుణ్యమా అని 1996 మోడల్ నించి అక్కడి ప్రతి కారుకీ అది తప్పనిసరైంది. మన దగ్గర ఓబీడీ రెండో దశ 2013 ఏప్రిల్ నించి. చట్టం మెడ మీద కూర్చుంది కాబట్టి తలుపు కొంచెం తెరిచారు. మెసాచుసెట్స్ రాష్ట్రంలో 2012లో జనం ఓటేసి మరీ రిపేరు హక్కు చట్టం తెచ్చుకున్నారు. దెబ్బకి 2014లో కంపెనీలు దేశమంతటా బయటి గ్యారేజీలకి సమాచారం ఇస్తామని ఒప్పందం రాసుకున్నాయి.

మన దగ్గర? 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీలకి 2,500 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్‌తో పాటు మన మారుతి, టాటా, మహీంద్రాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నేరం ఏమిటంటే అసలు పార్టుల్నీ, పరీక్షించే పరికరాల్నీ, రిపేరు పుస్తకాల్నీ బయటి మెకానిక్కులకి అందనీయకపోవడం. వాటిని బయట మార్కెట్లో అందుబాటులో పెట్టమనీ, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ రద్దనే గంపగుత్త షరతు పెట్టొద్దనీ కమిషన్ చెప్పింది. కంపెనీలు కోర్టుల చుట్టూ తిరిగాయి. 2022 డిసెంబర్‌లో కేంద్రం రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ తెరిచింది. పోర్టల్ చట్టం కాదు నాయనా. ఈ కేసు గురించి మన ఐటీ మిత్రుల్లో ఎంతమందికి తెలుసని అడిగితే ఒక్కరూ చెప్పలేదు. సన్‌రూఫ్ ఉన్న మోడల్ ఏదో మాత్రం అందరికీ తెలుసు.

వనస్థలిపురం దాటాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన డీజిల్ పని చేస్తాడు. ఆయన నాతో అన్న మాట ఇది: "ఇంజన్ మొత్తం ఇప్పి మళ్ళ పెడ్త సార్. కొత్త ఇంజెక్టర్ ఏస్త. గానీ గా డబ్బా ఒప్పుకోవాలె గదా." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ డీజిళ్ళలో కొత్త ఇంజెక్టర్ వేస్తే దాని మీది కోడుని ఇంజను కంప్యూటర్‌కి ఎక్కించాలి. ఇనుము పని అయిపోయింది, తాళం సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆ తాళం ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

మరి ఆ తాళం రాసేదెవరు? జెడ్ఎఫ్, హ్యుందాయ్ మోబిస్ లాంటివాటి సాంకేతిక కేంద్రాలు ఈ ఊళ్ళోనే ఉన్నాయి. కార్లకి కోడు రాసే ఉద్యోగాలు హైదరాబాదులో బోలెడు. అంటే తాళం వేసేది మనం, తలుపు బయట నిలబడేది ఆటోనగర్ మెకానిక్కు. పైగా సాయంత్రం టీ దగ్గర "ఈ మెకానిక్కులు దొంగలు బాసూ" అనేది కూడా మనమే! క్లయింటుకి రెండు గంటల పనికి ఎనిమిది గంటల బిల్లు వేసే పరిశ్రమలో కూర్చుని, చేతికి నల్లటి గ్రీజు అంటినవాడిని దొంగ అనడానికి నోరెలా వస్తుంది? ఆఫీసులో ఓపెన్ సోర్స్ మీద గంటసేపు ఉపన్యాసం దంచే మిత్రుడొకడు, ఇంటికి మాత్రం బానెట్ తెరిస్తే వారంటీ పోతుందని భయపెట్టే డబ్బా తెచ్చుకుని దాని పక్కన సెల్ఫీ దిగుతాడు. పరాయి కంపెనీ గుప్పిట్లో చిక్కుకోకూడదని క్లయింటుకి స్లైడ్లు వేసేదీ ఆ చేతులే.

అవతలివాళ్ళ వాదనలో పస లేదని నేననను. రెండు టన్నులు దాటిన బండి డీజిల్ గటగటా తాగుతుంది. పార్టు దొరుకుతుంది కానీ కొన్నిటికి వారాలు ఆగాలి, ఉన్న బండి ఒక్కటే అయితే అది చిన్న విషయం కాదు. మళ్ళీ అమ్మబోతే ఇదే తొమ్మిదిమంది ధర తెగ్గోస్తారు. పదిహేనేళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నించి 5,000 అయింది, ఇరవయ్యేళ్ళు దాటితే 2025 నించి 10,000. 2017 బండికి 2032 దాకా ఆ బెంగ లేదనుకోండి, అయినా లెక్కలో ఉండాలి. నా మటుకు నేను బండి ధర మీద ఇంకో రెండు లక్షలు రిపేర్ల కోసం పక్కన పెట్టుకునే తిరుగుతున్నా. ఆ రెండు లక్షలు లేనివాళ్ళు ఈ జోలికి రావద్దు, అప్పు చేసి అసలే వద్దు. రోజూ గచ్చిబౌలికి తోలేవాళ్ళు చిన్న పెట్రోల్ కారు కొనుక్కోండి. ఇవన్నీ లెక్కలు, నేను గౌరవిస్తా. "కంపెనీ పోయింది కదా" అన్నది లెక్క కాదు, భయం. ఆ భయం వల్ల లాభపడేది ఏడేళ్ళ ఈఎంఐ అమ్మేవాడు.

పాత బండి కొనేవాళ్ళు నాలుగు పనులు చేయండి చాలు. మోడల్ ఎంచుకునే ముందు మెకానిక్కుని ఎంచుకోండి, ఆయనకి డబ్బులిచ్చి బండి చూపించండి, ఊరికే మొహమాటపెట్టొద్దు. స్కానరు పెట్టనివ్వని చోట నిమిషం కూడా ఉండొద్దు. ఆర్సీ మీద ఫైనాన్సు ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ చేతికొచ్చేదాకా, 29, 30 ఫారాల మీద సంతకాలు అయ్యేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. చలాన్లు ఎన్ని పేరుకున్నాయో మీరే ఆన్‌లైన్‌లో చూసుకోండి, అమ్మేవాడి మాట నమ్మొద్దు.

అయిదోది కొనేవాళ్ళకి కాదు, కోడు రాసేవాళ్ళకి. మీ టీములో ఎవరైనా "ఈ ఫంక్షన్ సర్వీస్ సెంటర్‌కి మాత్రమే" అని తాళం పెట్టమంటే, ఎందుకని ఒక్కసారి గట్టిగా అడగండి. భద్రత కోసమా, బిల్లు కోసమా? ఈ రోజు షోరూముల ముందు మెరుస్తున్న బండ్లన్నిటికీ పదేళ్ళకి కంపెనీ ఉంటుందో లేదో ఎవడూ రాసివ్వడు. వాటిల్లో ఇనుము కన్నా సాఫ్ట్‌వేరే ఎక్కువ. విల్లీస్ జీపుకి పానా ఉంటే సరిపోయింది. వీటికి మనం తాళంచెవి కూడా వదిలిపెట్టి పోవాలి. లేకపోతే "కంపెనీ పోయింది, బండి పనికిరాదు" అన్న ఆ తొమ్మిదిమంది మాటని నిజం చేసేది మనమే అవుతాం.